అద్దె వస్తోంది, చేతిలో మాత్రం ఏమీ మిగలడం లేదు

ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 44. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఉంటున్న ఇల్లు సొంతం. నాలుగేళ్ల కిందట కూడబెట్టిన డబ్బుకు బ్యాంకు అప్పు జోడించి వేరే ఊళ్లో ఒక ఫ్లాట్ కొన్నారు. అప్పటికే ఆ భవనం కట్టి ఎనిమిదేళ్లయింది. అద్దెకివ్వడానికే కొన్నారు. "రిటైరయ్యాక నెలనెలా ఇంత వస్తుంటే పిల్లల ముందు చెయ్యి చాపక్కర్లేదు కదా అనుకున్నాను" అంటారావిడ. ఊరు దూరం కాబట్టి, అక్కడే ఉండే మరిది ఇంటి బాగోగులు చూస్తున్నాడు.

కొన్నాక రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంది. మొదట వచ్చిన కుటుంబం ఏడాదిన్నర ఉండి వెళ్లింది. మళ్లీ రెండు నెలలు తాళం. ఇప్పుడున్న వాళ్లు వచ్చి రెండేళ్లు దాటింది. మొన్నమొన్నటి దాకా ఐదో తేదీ దాటకుండా అద్దె వేసేవారు. ఏడు నెలల కిందట, బాత్రూమ్ పక్కనున్న పడగ్గది గోడకు చెమ్మ వస్తోందని మరిదికి చెప్పారు. ఒక మేస్త్రీ వచ్చి టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ పూసి వెళ్లాడు. నాలుగు నెలలుగా అద్దె ఆలస్యమవుతోంది, ఇప్పటికి రెండు నెలలది బాకీ పడింది. ఈలోగా కింది ఫ్లాట్ యజమాని నేరుగా ఈవిడకే ఫోన్ చేసి తన బాత్రూమ్ పైకప్పు మీద మరక పెరుగుతోందని కేకలేశాడు. ఒక నెల అద్దె మరిది నగదుగా తీసుకుని రిపేరు కింద సర్దేశానన్నాడు. బిల్లు లేదు, అడగడానికి ఈవిడకు మొహమాటం.

భర్తేమో "అమ్మేద్దాం, ఈ తలనొప్పి మనకెందుకు" అంటారు. తండ్రి "ఇల్లు ఎక్కడికీ పోదు, అమ్మితే మళ్లీ కొనలేవు" అంటారు. బ్రోకరు అదే భవనంలో ఇంకో ఫ్లాట్ అమ్మకానికి ఉందనీ, ఒకటి ఖాళీ పడినా రెండోది ఆదుకుంటుందనీ ఊరిస్తున్నాడు. దానికి అడ్వాన్సు ఇవ్వగలిగినంత డబ్బు వీళ్ల దగ్గర ఉంది. "ఆ ఊరి నంబరు నుంచి ఫోన్ వస్తే చాలు గుండె దడ. వాళ్లను ఖాళీ చేయించాలా, ఇల్లు అమ్మాలా, ఇంకొంత ఓపిక పట్టాలా? అసలు నేను అత్యాశకు పోయానా?" అని అడిగారు.

సమాధానం

అత్యాశేమీ కాదమ్మా. కొనేటప్పుడు ధర, ఈఎంఐ, అద్దె మూడూ లెక్కేసుకున్నారు. ఆ ఇంటికి నెలనెలా ఎంత పని ఉంటుందో, ఆ పని ఎవరు చేస్తారో మాత్రం లెక్కేసుకోలేదు. చాలామంది వేసుకోరు. అద్దె అంటే కూర్చున్న చోటికి వచ్చే డబ్బు అనే మాట అంతగా పాతుకుపోయింది. నిజానికి మీరు ఒక చిన్న వ్యాపారం పెట్టి, దాన్ని జీతం లేని మనిషి చేతిలో పెట్టి, లెక్కల పుస్తకం లేకుండా నాలుగేళ్లు నడిపారు. మీ ఉత్తరంలోని ఇబ్బందులు చాలావరకు అక్కడి నుంచే వచ్చాయి.

మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. రెండోసారి పక్కన కాగితం పెట్టుకుని, మీరు చెప్పిన నెలలన్నీ వరుసగా రాసుకున్నాను. మీరు అద్దె బాకీ గురించి మొదటి పేజీలో, చెమ్మ గురించి మూడో పేజీలో రాశారు. అవి రెండూ వేర్వేరు సంగతులన్నట్టు రాశారు. వరుసలో పెడితే ఇలా ఉంది: ఏడు నెలల కిందట చెమ్మ సంగతి చెప్పారు. వైట్ సిమెంట్ పూశారు. చెమ్మ ఆగలేదు. మూడు నెలలు చూశారు. ఆ తర్వాతే అద్దె ఆలస్యం మొదలైంది. అంతకుముందు రెండేళ్లకు దగ్గరగా ఒక్కసారి కూడా తేదీ తప్పని వాళ్లు వీళ్లు. ఇది డబ్బుల్లేక ఎగ్గొడుతున్నట్టు నాకు అనిపించడం లేదు. చెప్పినా వినిపించుకోని యజమానికి మన గొంతు వినిపించేది ఇలాగేనని వాళ్లు అనుకుని ఉండొచ్చు. నా ఊహ తప్పు కావచ్చు కూడా. ఆ ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం పోయిందేమో, ఆస్పత్రి ఖర్చులేమైనా పడ్డాయేమో. కానీ ఈ నాలుగు నెలల్లో మీరు ఒక్కసారి కూడా వాళ్లతో నేరుగా మాట్లాడలేదు. మరిది చెప్పింది మీరు విన్నారు, మీరు చెప్పింది మరిది వాళ్లకు ఎలా చేరవేశాడో మీకు తెలియదు.

కాబట్టి ఖాళీ చేయించే మాట కాసేపు పక్కన పెట్టి, ముందు నీళ్ల సంగతి చూద్దాం. ఎందుకంటే వీళ్లు వెళ్లిపోయినా చెమ్మ వెళ్లదు. కొత్తగా వచ్చిన వాళ్లు కూడా మూడో నెలలో ఇదే పాట పాడతారు. ఇల్లు అమ్ముదామనుకున్నా, గోడ మీద ఆ మరక చూసిన కొనుగోలుదారు రిపేరుకయ్యే ఖర్చుకు రెండింతలు తగ్గించమంటాడు. రంగు కొట్టి దాచిపెట్టి అమ్మితే రేపు గొడవలు మీ మెడకే చుట్టుకుంటాయి. ఇంటిని ఏం చేయాలని మీరు తేల్చుకున్నా ఈ రిపేరు తప్పదు.

వైట్ సిమెంట్ ఎందుకు పనిచేయలేదంటే, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడకుండా కనిపించిన సందు మూశారు. బాత్రూమ్ లీకేజీ సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది. ఒకటి, గోడలో ఉండే నీటి పైపు. ఇందులో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది కాబట్టి ఎవరూ స్నానం చేయకపోయినా కారుతూనే ఉంటుంది. మీ ఫ్లాట్‌కు విడిగా నీటి మీటర్ ఉంటే కుళాయిలన్నీ కట్టేసి ఒక గంట మీటర్ చూడండి, ముల్లు కదిలితే దొంగ దొరికినట్టే. రెండోది, వాడిన నీళ్లు పోయే పైపు, దాని జాయింట్లు, నేల మీది ట్రాప్ (నీళ్లు కిందికి దిగే జాలీ) చుట్టూ ఉండే సందు. ఇది వాడినప్పుడే కారుతుంది, వాళ్లు నాలుగు రోజులు ఊరెళితే గోడ కాస్త ఆరుతుంది. మూడోది నేల కింద వేసిన వాటర్‌ప్రూఫింగ్ పొర పాడవడం. దీనికో పరీక్ష ఉంది. నేల మీది ట్రాప్‌ను గుడ్డతో బిగించి మూసి, ఒక అంగుళం ఎత్తున నీళ్లు నింపి, గోడ మీద ఆ మట్టానికి గీత గీసి, ఒక రోజంతా వదిలేయాలి. మర్నాటికి మట్టం బాగా దిగినా, కింది ఇంట్లో తడి పెరిగినా సంగతి తెలిసిపోతుంది. ఇంట్లో ఇంకో బాత్రూమ్ ఉందన్నారు కాబట్టి వాళ్లకు ఒక రోజు సర్దుకోవడం పెద్ద కష్టం కాదు, ముందుగా అడిగి చేస్తే.

ఈ మూడింటి ఖర్చుల్లో చాలా తేడా ఉంటుంది. జాయింటు మార్చడం ఒక పూట పని. పొర పాడైతే టైల్స్ పగలగొట్టి, పొర వేసి, ఆరనిచ్చి, మళ్లీ టైల్స్ వేయాలి, అది వారం పైనే. అందుకే కారణం తేలకుండా ఏ మేస్త్రీకీ అడ్వాన్సు ఇవ్వకండి. పరీక్ష జరిగేటప్పుడు మీరో మీ ఆయనో అక్కడ ఉండాలి. దీన్ని ఫోన్లో చేయించవచ్చని మాత్రం అనుకోకండి.

అద్దెకున్న వాళ్లతో మాట్లాడే పని కూడా ఆ ప్రయాణంలోనే పెట్టుకోండి. వెళ్లగానే బాకీ ఊసెత్తకండి. ముందు గోడ చూడండి. ఆ గోడకు ఆనించిన బీరువా వెనక బూజు పట్టి ఉంటుంది, అదీ చూడండి. "మీరు చెప్పి ఏడు నెలలైంది, మేం సరిగ్గా పట్టించుకోలేదు" అని ఒక్క మాట అనండి. తప్పు ఒప్పుకుంటే అద్దె ఎగ్గొట్టడానికి అవకాశం ఇచ్చినట్టవుతుందని మీకు భయం ఉండొచ్చు. నేను చూసినంతలో చాలాసార్లు దీనివల్లే మాటలు మొదలవుతాయి. ఆ తర్వాత రిపేరు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తేదీలు చెప్పి, బాకీ ఎలా తీరుస్తారని అడగండి. రెండు నెలల బాకీని నాలుగు నెలల్లో, నెలకు సగం అద్దె చొప్పున కలిపి కట్టమనవచ్చు. పడగ్గది సరిగ్గా వాడుకోలేకపోయినందుకు కొంత తగ్గిస్తే అది న్యాయమే. ఎంత తగ్గించినా అక్కడికక్కడే రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. నోటిమాటగా వదిలేస్తే మూడో నెలకు ఎవరి జ్ఞాపకం వాళ్లదవుతుంది.

అలా మాట్లాడాక కూడా వాళ్లు కట్టకపోతే అప్పుడు ఖాళీ చేయించడం గురించి ఆలోచించండి. ఒప్పందంలో రాసిన గడువు ప్రకారం రాతపూర్వకంగా నోటీసు ఇవ్వడం, వినకపోతే వకీలును కలవడం, అదీ దారి. నీళ్లు ఆపడం, కరెంటు తీయించడం, తాళం మార్చడం లాంటివి మీ మరిది ఉత్సాహంగా చెబుతున్నట్టున్నాడు. చాలాచోట్ల చట్టం వాటిని ఒప్పుకోదు. బాకీ పడిన వాడు కాస్తా బాధితుడై కూర్చుంటాడు.

ఖాళీ చేయించడానికి కూడా ఖర్చు ఉంటుంది, అదీ చూసుకోండి. మీ దగ్గరున్న డిపాజిట్ రెండు నెలల అద్దె. బాకీ కూడా సరిగ్గా అంతే. ఈ రోజు వెళ్లిపోతే డిపాజిట్ బాకీకే సరిపోతుంది, ఇంట్లో ఏదైనా పాడై ఉంటే మీ జేబే గతి. ఆపై మీ అనుభవం ప్రకారమే రెండు నెలలు ఖాళీ, రంగులు, బ్రోకరు కమిషన్. అంతా కలిపి మూడు, నాలుగు అద్దెలు పోతాయి. రెండు అద్దెల బాకీ మీద కోపంతో నాలుగు అద్దెలు పోగొట్టుకోవడం అవుతుంది. అదే వాళ్లు ఇంకో మూడు నెలలు ఇలాగే సాగదీస్తారని తేలితే మాత్రం ఆ నాలుగు పోయినా మంచిదే.

అద్దె పెంచి ఈ నష్టం పూడ్చుకుందామని మీ ఆయన అన్నారట. పది శాతం పెంచితే ఏడాదికి వచ్చేది ఒక అద్దె, దాని మీద కాస్త. ఆ పెంపు నచ్చక వాళ్లు వెళ్లిపోయి ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే ఆ ఏడాది పెంపు దాదాపు అంతా దానికే పోతుంది. చెమ్మ గోడ ఉన్న ఇంటికి అద్దె పెంచమని అడగడానికి మీకే నోరు రాదు లెండి.

ఇక మరిది సంగతి. ఉత్తరంలో మీరు తక్కువ రాసినా, నాకు ఎక్కువ బరువుగా అనిపించింది ఇదే. అతను మోసం చేశాడని నేను అనుకోను, మీరూ అలా రాయలేదు. అతనికి తన ఉద్యోగం, తన పిల్లలు ఉన్నారు. అన్నావదినల కోసం నాలుగేళ్లు ఉచితంగా ఈ పని చేశాడు. ఉచితంగా చేసేవాణ్ణి "బిల్లు ఏది" అని అడగలేం, "ఆలస్యమెందుకైంది" అని నిలదీయలేం. అతను కూడా మేస్త్రీని పిలిచి, కనిపించింది పూయించి, తన పని అయిపోయిందనుకున్నాడు. డబ్బు తీసుకోని మనిషి ఆ మాత్రం చేయడమే ఎక్కువ. మీకు మొహమాటం, అతనికి విసుగు, మధ్యలో అద్దెకున్న వాళ్లకు గోడ మీద నీళ్లు.

దీన్ని రెండు రకాలుగా సరిచేయవచ్చు. ఇది అతనికి పనిగానే అప్పగించి, నెలకు ఇంత అని ఇవ్వడం ఒకటి. అప్పుడు అద్దె నేరుగా మీ ఖాతాలోకే రావాలి, ఖర్చు పెట్టిన ప్రతిదానికీ ఫోటోనో రసీదో పంపాలి, ఇంత మొత్తం దాటితే మీకు చెప్పకుండా పని మొదలుపెట్టకూడదు. కొందరు మరుదులు దీనికి సంతోషిస్తారు, కొందరు "వదిన నన్ను జీతగాణ్ణి చేసింది" అని అలుగుతారు. మీ మరిది ఏ రకమో మీకు తెలుసు. రెండోది, అతన్ని మర్యాదగా తప్పించి బయటి మనిషికో సంస్థకో అప్పగించడం. అద్దెలో పదో వంతు తీసుకుంటారనుకుంటే ఏడాదికి ఒకటికి కాస్త పైన అద్దె పోతుంది. వాళ్లు మీ ఇంటిని సొంత ఇల్లులా చూడరు, కానీ గట్టిగా అడగొచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఏది చేసినా మాట మీ ఆయన చేత చెప్పించండి. అన్న నోటి వెంట "ఇన్నాళ్లూ నీ పనులు మానుకుని మా ఇల్లు చూశావురా, ఇక నీకు ఈ బరువు వద్దు" అని వస్తే అది కృతజ్ఞతలా ఉంటుంది. అదే మాట వదిన అంటే లెక్కలు అడిగినట్టు ఉంటుంది. ఆ పాత నెల అద్దె లెక్క మాత్రం నా సలహా అడిగితే వదిలేయమంటాను. ఒక అద్దె కోసం తవ్వితే బంధం తెగుతుంది.

ఇప్పుడు డబ్బు లెక్కలోకి వద్దాం. మీరు అంకెలన్నీ పంపారు, మంచి పని చేశారు. నేను వాటిని ఇక్కడ అద్దె నెలల్లోకి మార్చి చెబుతాను, అలాగైతే మీ లాంటి ఇంకొకరు కూడా తమ అంకెలు పెట్టి చూసుకోవచ్చు.

ఏడాదికి 12 అద్దెలు రావాలి. నాలుగేళ్లలో నాలుగు నెలలు ఖాళీ, అంటే ఏడాదికి ఒకటి పోయింది. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ మీరే కడుతున్నారు, అది ఒకటిన్నర. ఇంటి పన్ను, ఇన్సూరెన్సు కలిపి అర. రంగులు, రిపేర్లు, కమిషన్ సగటున ఒకటి. మొత్తం నాలుగు. నికరంగా మిగిలేవి 8. ఇప్పుడు ఆ ఇల్లు అమ్మితే దాదాపు 400 అద్దెలంత వస్తుందని మీరు రాసిన ధర చెబుతోంది. 12 పెట్టి చూస్తే ఇల్లు 3 శాతం ఇస్తున్నట్టు కనిపిస్తుంది, నిజంగా ఇస్తున్నది 2 శాతం.

ఇటు ఈఎంఐ ఏడాదికి 20 అద్దెలు. చేతికి వచ్చేది 8, కట్టేది 20. అంటే ఏడాదికి 12, నెలకు సరిగ్గా ఒక అద్దె మీ జీతాల్లోంచి ఆ ఇంటికి వెళుతోంది. మీకు ఏమీ మిగలడం లేదనిపించడం కాదు, మిగలడం లేదు.

అయితే ఆ 12 మొత్తం నష్టమూ కాదు. మీ అప్పు 9 శాతం వడ్డీతో 20 ఏళ్లది. ఇలాంటి అప్పులో మొదటి ఈఎంఐలో ప్రతి 100కు 83 వడ్డీకే పోతుంది. ఈఎంఐలో అసలు వాటా వడ్డీని దాటేది 12 ఏళ్లు గడిచాకే. నాలుగేళ్లు కట్టినా అసలులో తీరింది 9 శాతం లోపే, బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి మీరు కంగారుపడింది అందుకే. అది బ్యాంకు తప్పు కాదు, మీ తప్పూ కాదు, ఈఎంఐ కట్టుబడే అంత. ఇప్పుడు మీకు మిగిలిన అప్పు దాదాపు 170 అద్దెలు. ఈ ఏడాది కట్టే 20లో 15 వడ్డీ, 5 అసలు. ఆ 5 ఎక్కడికీ పోలేదు, మీ ఆస్తిలో చేరింది. నిజంగా చేజారుతున్నది 15లోంచి 8 తీసేస్తే 7.

ఇప్పుడు అమ్మితే? 400లో అప్పు 170 పోతే 230 మీవి. పన్ను, బ్రోకరు, అప్పు ముందే తీర్చినందుకు బ్యాంకు ఏమైనా తీసుకుంటే అది, ఇవన్నీ పోగా ఇంకొంత తగ్గుతుంది. ఆ 230ని రిస్కు లేని చోట 6 శాతానికి వేస్తే ఏడాదికి 14 వస్తాయి. అంటే ఇల్లు ఉంచుకోవడం వల్ల ఏటా 7 పోతున్నాయి, రావలసిన 14 రావడం లేదు. కలిపి 21. 400 మీద 21 అంటే 5 శాతానికి కాస్త ఎక్కువ. ఆ ఇంటి ధర ఏటా అంతకంటే ఎక్కువ పెరుగుతుందన్న నమ్మకం ఉంటే ఉంచుకోవడంలో అర్థం ఉంది. అమ్మకం ఖర్చులు కూడా కలిపి చూస్తే ఇంకాస్త తక్కువ పెరిగినా చాలు. పెరుగుదల మీ 230 మీదే కాకుండా మొత్తం 400 మీదా వస్తుంది, అప్పు పెట్టి ఇల్లు కొనడంలోని ఆకర్షణ అదే. ధర పడితే ఆ దెబ్బ కూడా 400 మీదే పడుతుంది, అప్పు మాత్రం 170 దగ్గరే నిలబడి ఉంటుంది. వడ్డీ రేటు ఒక్క శాతం పెరిగితే ఏడాదికి ఇంకో అద్దెన్నర పైనే అదనపు బరువు.

"ఇల్లు ఎక్కడికీ పోదు" అన్న మీ నాన్నగారి మాట స్థలానికి సరిపోతుంది. కట్టడం పాతబడుతుంది. ఫ్లాట్‌లో మీ వాటాకు వచ్చే స్థలం కొంచెమే. అప్పు తీరేసరికి మీకు 60, భవనానికి 28. లిఫ్టు, పైపులు, డాబా మీది వాటర్‌ప్రూఫింగ్ ఈలోగా ఒక్కసారైనా మార్చక తప్పదు, ఆ ఖర్చు అందరి మీదా పడుతుంది. అయినా ఆయన మాట మొత్తంగా కొట్టేయను. ఇలా నెలనెలా కట్టకపోతే ఆ డబ్బు మీరు దాచేవారా? చాలా కుటుంబాల్లో ఈఎంఐ భయమే పొదుపు చేయిస్తుంది. మీ ఇంట్లో సంగతి మీకే తెలియాలి.

ఉంచుకుంటే ఎన్నాళ్లు ఇలా? అద్దె ఏటా 5 శాతం పెరుగుతూ, ఖర్చులూ అదే లెక్కన పెరిగితే, ఇంకో ఏడేళ్లకు మిగిలే అద్దె వడ్డీని అందుకుంటుంది. 60 ఏళ్లకు అప్పు తీరిపోయి, ఖర్చులు పోగా మిగిలే అద్దె మొత్తం మీ చేతికొస్తుంది. మీరు కొన్నదే రిటైరయ్యాక ఆదాయం కోసం. ఆ లెక్కన ఇప్పుడు మిగలకపోవడం మీ ప్లాన్ చెడిపోయిందనడానికి గుర్తు కాదు. అప్పు తీరే దాకా, ఇప్పుడు నెలకో అద్దె, పోనుపోను తగ్గుతూ, జేబులోంచి పెట్టడం మీ ఇద్దరి జీతాలకు బరువా కాదా అన్నదే చూసుకోవాలి. ఒకరి ఉద్యోగం ఆర్నెల్లు ఆగితే ఏమవుతుందో కూడా వేసి చూడండి.

రెండో ఫ్లాట్ గురించి నేను నిర్మొహమాటంగానే చెబుతాను, నాకు నచ్చలేదు. ఒకటి ఖాళీ పడితే రెండోది ఆదుకోవడానికి అవి వేర్వేరు చోట్ల ఉండాలి. అదే భవనమైతే అదే పైపులు, అదే అసోసియేషన్, అదే వీధి. ఆ ప్రాంతంలో అద్దెలు పడితే రెండూ ఒకేసారి పడతాయి. మొదటిది నెలకో అద్దె మింగుతుంటే రెండోది కూడా మింగుతుంది. అక్కడ ఫ్లాట్ ఎందుకు అమ్ముతున్నారో అమ్మే వాళ్లనే అడిగి చూడండి, ఒక్కోసారి జవాబు మీ గోడ మీదే ఉంటుంది.

ఆ అడ్వాన్సు కోసం దాచిన డబ్బు 40 అద్దెలంత ఉందన్నారు. దానికి ఇంకో దారి చూడండి. 10 అద్దెలు, అంటే ఆరు ఈఎంఐలు, కదపకుండా అత్యవసరానికి ఉంచుకోండి. రిపేరు ఖర్చు కూడా ఇందులోంచే తీసి మెల్లగా పూడ్చుకోవచ్చు. మిగిలిన 30 అప్పులో కడితే ఏడాదికి దాదాపు మూడు అద్దెల వడ్డీ తగ్గుతుంది. చేజారుతున్న 7 కాస్తా నాలుగున్నర లోపుకు వస్తుంది. ఇందులో రిస్కు లేదు. ఈఎంఐ అంతే ఉంచి గడువు తగ్గించుకుంటే మొత్తం మీద వడ్డీ బాగా మిగులుతుంది. గడువు అంతే ఉంచి ఈఎంఐ తగ్గించుకుంటే నెలనెలా ఊపిరి ఆడుతుంది. బ్యాంకులో ఈ రెండూ అడగండి, మీరు అడగకపోతే వాళ్లకు తోచినట్టు చేసేస్తారు. ఇబ్బంది ఏమిటంటే, కట్టేసిన డబ్బు మళ్లీ కావాలంటే సులువుగా బయటికి రాదు.

అమ్మాలనే అనుకుంటే తొందర పడకండి. ఇల్లు నెలల తరబడి అమ్ముడుపోకపోవచ్చు, ఆ నెలల్లోనూ ఈఎంఐ ఆగదు. ఉండటానికి కొనేవాడు ఖాళీ ఇల్లు అడుగుతాడు, అద్దె కోసం కొనేవాడికి సరిగ్గా కట్టే కుటుంబం ఉంటే అదే ఆకర్షణ. అద్దెకున్న వాళ్లతో ఇప్పుడు సఖ్యత చేసుకుంటే ఇంటిని చూపించడానికి తలుపు తీస్తారు, లేదంటే వచ్చిన ప్రతివాడికీ మొదట గోడే చూపిస్తారు. అమ్మడంలో తప్పేమీ లేదు, ఓడిపోయినట్టూ కాదు. రాత్రి ఫోన్ మోగితే గుండె దడ అన్నారు, దానికీ ఒక ధర ఉంటుంది, అది ఏ లెక్కలోనూ రాదు. లీకేజీ ఆగి, మధ్యలో మనిషి మారి, అద్దె నేరుగా ఖాతాలో పడుతున్న ఒక ఆరు నెలలు గడిపి చూడండి. అప్పటికీ దడ తగ్గకపోతే అమ్మేయడమే మీకు నప్పుతుంది, అంకెలు ఏం చెప్పినా.

రేపు ఎప్పుడైనా కొత్త వాళ్లకు ఇవ్వాల్సివస్తే ఒకటి రెండు జాగ్రత్తలు. వాళ్లు ఇప్పుడు ఉంటున్న ఇంటి యజమానిని కాకుండా, అంతకుముందు ఉన్న ఇంటి యజమానిని అడగండి. ఇప్పటివాడు వదిలించుకోవాలనుకుంటే ఆకాశానికి ఎత్తేస్తాడు. తాళాలు ఇచ్చే రోజు ప్రతి గది వీడియో తీసి, మీటర్ రీడింగులు, తాళాల సంఖ్య రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. నేనూ ఒకప్పుడు ఈ పని బద్ధకించి, వాష్‌బేసిన్ మీద పగులు ముందే ఉందా తర్వాత వచ్చిందా అని అరగంట మెట్ల మీద నిలబడి వాదించాను. డిపాజిట్లో కోసుకున్నది ఎంతో ఇప్పుడు గుర్తు లేదు, ఆ అరగంట మాత్రం గుర్తుంది.

ప్రయాణం ఎప్పుడో తేల్చుకోండి. సెలవు దొరికే దాకా ఆగితే ఇంకో నెల అద్దె బాకీ పడుతుంది. వెళ్లినప్పుడు కింది ఫ్లాట్ ఆయన తలుపు కూడా తట్టండి, కేకలేసినా సరే. ఆయన ఒప్పుకుంటే స్టూలు వేసుకుని, పైకప్పు మీది మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ఆ రోజు తేదీ వేయండి. రిపేరు అయ్యాక మూడు వారాలకు ఆయన్నే ఒక ఫోటో పంపమనండి. మరక ఆ గీత దాటి ముందుకు రాకపోతే మేస్త్రీకి మిగతా డబ్బు ఇవ్వండి.